గాల్లో ఒక ఇనుప చెయ్యి

(చిత్తూరులో పాఠకుల సమావేశంలో ఒక ఫిజిక్స్ టీచర్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే.

ముందు మీకొక బొమ్మ చెప్తాను. రాత్రి. పొడుగాటి వసారా. చివర ఒక తలుపు, గడియ వేసి ఉంది. ఆ తలుపు ముందు, మనిషి ఛాతీ ఎత్తులో, గాల్లో ఒక చెయ్యి. చెయ్యి ఒక్కటే. మణికట్టు దగ్గర ఆగిపోయింది. దాని వెనక భుజం లేదు, మనిషి లేడు. ఇనుప వేళ్లు. ఆ వేళ్లు తలుపు గడియ మీద పడబోతున్నాయి. అంతే బొమ్మ.

దీన్ని నేను చూసింది 1985 ఎండాకాలం సెలవుల్లో. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అది ఏ కామిక్, ఎవరు గీశారు, ఎక్కడిది, ఏమీ తెలియదు. పుస్తకం పేరు కూడా తెలియదు. మళ్లీ అది నా చేతికి వచ్చింది 2009లో. మధ్యలో ఇరవై నాలుగేళ్లు. ఆ ఇరవై నాలుగేళ్లు దాన్ని ఎలా వెతికాను, ఎందుకు దొరకలేదు, దొరికాక ఏం తెలిసింది, ఇదే ఇవాళ నేను చెప్పదలచుకున్నది.

పుస్తకం పేరు తెలియదంటే మీకు వింతగా ఉండొచ్చు. చదివిన పిల్లకి పేరు తెలియకుండా ఎలా ఉంటుంది? నేను దాన్ని చదవలేదు. అదే సంగతి. చూశాను, విన్నాను. ఎందుకంటే అది తమిళంలో ఉంది, నాకు తమిళ అక్షరాలు రావు.

మా అమ్మ వాళ్ల అక్క, అంటే మా పెద్దమ్మ, సాత్తూరులో ఉండేది. సాత్తూరు ఎంతమందికి తెలుసు? మదురై దాటి కోవిల్‌పట్టి వైపు పోతుంటే వస్తుంది. కారసేవుకి పేరు. చుట్టూ నల్లరేగడి, పత్తి చేలు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు. ఆ చుట్టుపక్కల ఊళ్లల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, రాసేది చదివేది కూడా తమిళమే. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. మా పెద్దమ్మ పెళ్లయి అలాంటి ఇంటికి వెళ్లింది. వాళ్ల తెలుగు మన తెలుగులా ఉండదు, ఇంకా పాతది, ఇంకా తీయనిది. సెలవులు ఇవ్వగానే అమ్మ, నేను కాట్పాడి మీదుగా రైల్లో మదురై, అక్కణ్ణించి సాత్తూరు.

పెదనాన్న శివకాశిలో క్యాలెండర్లు అచ్చేసే ప్రెస్సులో పని చేసేవాడు. సాత్తూరు నుంచి శివకాశి ఇరవై కిలోమీటర్లు ఉంటుందేమో, రోజూ పోయి వచ్చేవాడు. శివకాశి అనగానే మనకి టపాకాయలు గుర్తొస్తాయి. కానీ అది అచ్చు ఊరు కూడా. అగ్గిపెట్టె మీద లేబుల్, గోడ మీద క్యాలెండర్, పెళ్లి శుభలేఖ, సగం దేశానికి అక్కణ్ణించే పోయేవి. అక్కడే ముత్తు కామిక్స్ అని ఒకటి, 1984 నుంచి లయన్ కామిక్స్ అని ఇంకొకటి అచ్చయ్యేవి. తమిళనాడులో నా వయసువాళ్లని ఎవరినైనా అడగండి, ఈ రెండు పేర్లు వింటే ముఖం వెలిగిపోతుంది. మా అన్న, పెద్దమ్మ కొడుకు, వాటిని ఒక ట్రంకు పెట్టెలో దాచేవాడు. వాడికప్పుడు పద్నాలుగేళ్లు.

మధ్యాహ్నం ఎండ. అందరూ పడుకునేవాళ్లు. ఇద్దరం వడ్ల బస్తాల గదిలో కూర్చునేవాళ్లం. అన్న పుస్తకం ఒళ్లో పెట్టుకుని తమిళం కళ్లతో చదువుకుంటూ నోటితో తెలుగులో చెప్పేవాడు. నేను బొమ్మలు చూస్తూ వినేదాన్ని. ఒక మనిషి. కుడి చెయ్యి పోయి ఇనుప చెయ్యి పెట్టుకున్నాడు. ప్రయోగశాలలో పని. ఒకరోజు పెద్ద కరెంటు షాక్ కొడుతుంది. చచ్చిపోవాలి కదా? చావడు. మాయమైపోతాడు. ఒంట్లో ఏదీ కనబడదు, ఆ ఇనుప చెయ్యి తప్ప. అప్పట్నించి ఎప్పుడు కావాలంటే అప్పుడు కరెంటు తీగ పట్టుకుంటాడు, మాయమవుతాడు. కాసేపటికి ఆ కరెంటు ఒంట్లోంచి దిగిపోతుంది, మళ్లీ కనబడతాడు.

నేను అడిగాను, "చెయ్యి మాత్రం ఎందుకు కనబడతాది?" అని.

"ఇనుముకి ప్రాణం లేదు గదా. ప్రాణం ఉండేదే మాయమవతాది" అన్నాడు.

"మరి చొక్కా మాయమైపోయిందే? చొక్కాకి ప్రాణం ఉందా?"

అన్న ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు, నాకు ఆ ముఖం ఇప్పటికీ కనబడుతుంది. కిటికీలోంచి బయట పత్తి చేను చూపించి, "చొక్కా దేంతో చేస్తారు? పత్తితో. పత్తి చెట్టుకి ప్రాణం ఉందా లేదా? బూట్లు దేంతో? తోలుతో. తోలు ఆవుది" అన్నాడు.

పద్నాలుగేళ్ల పిల్లవాడు, అక్కడికక్కడ చెప్పిన జవాబు అది. నేను ఇరవై ఐదేళ్లుగా ఫిజిక్స్ చెప్తున్నాను, పిల్లల ప్రశ్నకి ఇంత చక్కగా జవాబు అల్లిన మనిషిని ఇంకొకరిని చూడలేదు. సైన్స్ ఫిక్షన్ అంటే ఇదే కదండీ? ఒక అబద్ధాన్ని ఒప్పుకున్నాం. ఆ తర్వాత ప్రతి ప్రశ్నకీ ఆ అబద్ధానికి కట్టుబడి నిజాయితీగా జవాబు చెప్పాలి.

నేను పదో తరగతిలో మానవుని కన్ను పాఠం చెప్పేటప్పుడు ఈ ఇనుప చెయ్యి కథ చెప్తాను. చెప్పి అడుగుతాను: ఈ మనిషికి కళ్లు కనబడతాయా? పిల్లలు గట్టిగా "కనబడతాయి" అంటారు. అప్పుడు అడుగుతాను: మనకి చూపు ఎలా వస్తుంది? వెలుగు వచ్చి రెటీనా మీద పడి అక్కడ ఆగాలి. ఒళ్లంతా కనబడకుండా పోయిందంటే వెలుగు అతనిలోంచి ఎక్కడా ఆగకుండా దూసుకుపోతోందని అర్థం. రెటీనా మీద కూడా ఆగదు. మరి ఏం చూస్తాడు? క్లాసు ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దం కోసమే ఏటా చెప్తాను. దాంతోపాటు ఇంకో మాట కూడా తప్పకుండా చెప్తాను. మన ఇళ్లల్లో వచ్చేది 230 వోల్టులు, అది మనుషుల్ని మాయం చెయ్యదు, చంపేస్తుంది. ఎందుకు చెప్తానంటే, ఆ సెలవుల్లోనే మా అన్న సిగరెట్ పెట్టెలో ఉండే వెండి కాగితం చేతికంతా చుట్టుకుని ప్లగ్గు దగ్గర నిలబడ్డాడు. పెదనాన్న సరిగ్గా ఆ సమయానికే లేచి వచ్చాడు. ఆ రోజు అన్నకి పడిన దెబ్బలు నాకు గుర్తు. కొట్టి, తర్వాత పెదనాన్న వాడిని పట్టుకుని ఏడవడం కూడా గుర్తు.

సరే. ఆ సెలవులు అయిపోయాయి. మరో రెండు మూడేళ్లకి వాళ్ల ఇంట్లో కష్టాలొచ్చాయి, ఊరు మారారు. ట్రంకు పెట్టెలోని పుస్తకాలు కిలోల లెక్కన పోయాయి. మా రాకపోకలు తగ్గాయి. నా దగ్గర మిగిలింది ఆ బొమ్మ ఒక్కటే.

తిరుపతిలో చదువుకునేటప్పుడు హాస్టల్‌లో అందరినీ అడిగేదాన్ని. ఇనుప చెయ్యి కామిక్ చూశారా అని. అందరూ ఏం చెప్పేవాళ్లో తెలుసా? "చందమామలో వచ్చుంటాది." మనకి చిన్నప్పటి బొమ్మ అంటే చందమామే కదా. 1947 జులైలో మొదలైన పత్రిక, మూడు తరాల బాల్యం దాంట్లో ఉంది. సరే, అదీ చూశాను. దొరికిన బైండు సంపుటాలు తిరగేశాను. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ మళ్లీ చదివాను, అవి చదివినందుకు నష్టమేమీ లేదు, హాయిగా గడిచింది. మాంత్రికులున్నారు, రాక్షసులున్నారు, పాడుపడిన కోటలున్నాయి. కరెంటు లేదు. ప్రయోగశాల లేదు. ఆ బొమ్మల్లో మెరుగు వేరు, నా బొమ్మలో చీకటి వేరు.

ఇంకొకాయన గట్టిగా చెప్పారు, అది ఇంద్రజాల్ కామిక్సే అని. 1964లో ఫాంటమ్‌తో మొదలై 1990 దాకా నడిచాయి అవి. మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్, తర్వాత మన బహదూర్. ఆయన దగ్గర పెద్ద కట్ట ఉంటే రెండు ఆదివారాలు కూర్చుని చూశాను. మాండ్రేక్ చూపుతో కట్టేస్తాడు, ఫ్లాష్ గోర్డన్ వేరే గ్రహం మీద కత్తి తిప్పుతాడు. నా మనిషి లేడు.

ఇంటర్నెట్ వచ్చాక సులువవుతుంది అనుకున్నాను. కాలేదు. ఎందుకు కాలేదో ఇప్పుడు తెలుసు కాబట్టి చెప్తాను, మీలో ఎవరైనా ఇలాంటిది వెతుకుతుంటే పనికొస్తుంది.

నాకు గుర్తున్నవి మూడు. ఒకటి, గాల్లో నీలం రంగు ఇనుప చెయ్యి. రెండు, ఎగిరే కోట. అవును, ఆ మాయమయ్యే మనిషి ఒక రాతి కోటలో ఎక్కి పాతకాలానికి పోతాడు. కోట మొత్తం లేచి పోతుంది. మూడు, అన్న నోట విన్న మాట, మాయావి. ఈ మూడూ కలిపి వెతికేదాన్ని. ఇనుప చెయ్యి, మాయావి, ఎగిరే కోట. ఎన్ని రకాలుగా అడిగినా ఏమీ రాదు. మాయావి అని వెతికితే ఏం వచ్చేదో తెలుసా? ఫాంటమ్! తమిళంలో రాణి కామిక్స్ వాళ్లు ఫాంటమ్‌ని మాయావి అని పిలిచేవారట. అసలు ఆ మాట తెలుగులోనూ ఉంది కాబట్టి అది పేరు అని నాకు తోచనే లేదు. అన్న ఆ మనిషిని మాయగాడు అంటున్నాడని అనుకున్నాను. పుస్తకం పేరు ఇరవై నాలుగేళ్లు నా నోట్లోనే ఉంది, సగం.

2009లో ఒక ట్రైనింగ్ కోసం మద్రాసు వెళ్లాను. సాయంత్రం ఖాళీ. సెంట్రల్ పక్కన, లిల్లీ పాండ్ కాంప్లెక్స్‌లో పాత పుస్తకాల కొట్లు ఉంటాయి. అవి ముందు మూర్ మార్కెట్లో ఉండేవి. మూర్ మార్కెట్ తగలబడింది 1985 మేలో. నేను సాత్తూరులో ఆ కామిక్ చూస్తున్న ఆ సెలవుల్లోనే. ఎన్ని పుస్తకాలు కాలిపోయి ఉంటాయో ఆ రాత్రి! నాకు ఆ కొట్ల దగ్గర నిలబడితే ఎప్పుడూ ముందు అదే గుర్తొస్తుంది.

ఒక పెద్దాయన కొట్టు. నాకు తమిళం మాట్లాడటం వచ్చు, అంతంతమాత్రం. ఇనుముకి తమిళంలో ఏమంటారో ఆ క్షణాన నోటికి రాలేదు. బ్యాగులోంచి నోట్సు తీసి వెనక పేజీలో బొమ్మ గీశాను. తలుపు, గడియ, గాల్లో చెయ్యి. కోట గీయలేదు. కోట గీయడం నాకు రాదు కాబట్టి వదిలేశాను.

ఆయన ఆ కాగితం వైపు ఎంతసేపు చూసుంటారు? రెండు సెకన్లు. "ఇదు తెరియాదామ్మా? ఇరుంబుక్కై మాయావి!" అన్నారు.

ఇరుంబు అంటే ఇనుము. కై అంటే చెయ్యి. ఇనుప చెయ్యి మాయావి. ముత్తు కామిక్స్ వాళ్ల మొట్టమొదటి పుస్తకమే అదట, 1970ల మొదట్లో. తమిళనాడులో రజనీకాంత్ తెలిసినట్టు తెలుసు ఆ పేరు. నేను ఇక్కడ, కొండకి ఈ పక్క, ఇన్నేళ్లు ఎవరికీ తెలియని వస్తువు వెతుకుతున్నాననుకున్నాను. అవతల ప్రతి ఇంట్లో తెలుసు.

ఆయన లోపలికి వెళ్లి రెండు తెచ్చారు. అట్టల్లేవు, కుట్లు వదులైపోయాయి. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని పేజీలు తిప్పాను. నలుపు తెలుపు. మొత్తం నలుపు తెలుపు! నాకు గుర్తున్న నీలం ఎక్కడా లేదు. అట్ట మీద చూసిన రంగు లోపలి బొమ్మకి నేనే పూసుకున్నానేమో. నా తలుపు బొమ్మ కూడా సరిగ్గా అలాగే ఎక్కడా లేదు. తలుపులున్నాయి, వసారాలున్నాయి, గాల్లో చెయ్యి ప్రతి రెండో పేజీలో ఉంది. కానీ ఆ వేళ్లు చూడగానే, ఆ కీళ్ల దగ్గర వెలుగు పడిన తీరు చూడగానే, ఇదే అని తెలిసిపోయింది. ముఖాలు మర్చిపోవచ్చు, గీత మర్చిపోలేం. బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఆ రెండు పుస్తకాలు ఒళ్లోనే పెట్టుకున్నాను, బ్యాగులో పెట్టలేదు.

మరి కోట? ఆ పుస్తకాల్లో కోట లేదు. ఒకరితో చదివించుకున్నాను, ఎక్కడా లేదు. ఇంటికి రాగానే అన్నకి ఫోన్ చేశాను. అప్పటికి మదురైలో ఉన్నాడు. విషయం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నీకు ఇంకా జ్ఞాపకం ఉందామ్మా అది?"

కోట సంగతి అడిగాను.

"అది వేరే పుస్తకంలోది. రోబో ఉంటాడే, ఆర్చీ, వాడి కోట. నువ్వు తర్వాతేమి, తర్వాతేమి అని పానం తీస్తా ఉంటివి. పుస్తకం అయిపాయె. నేనేమి చేసేది? పక్కన ఉండే పుస్తకం తీసి దీనికి అతికిస్తిని."

చూశారా! ఇరవై నాలుగేళ్లు నేను వెతికింది ప్రపంచంలో ఎక్కడా అచ్చు కాని పుస్తకం. రెండు కామిక్స్, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఒక అన్న. ఆ మూడూ కలిస్తే వచ్చిన కథ. అది శివకాశిలో లేదు, లండన్‌లో లేదు.

లండన్ అన్నాను కదా, అది చెప్తాను. ఈ ఇనుప చెయ్యి తమిళనాడులో పుట్టింది కాదు. లండన్‌లో ఫ్లీట్‌వే అనే సంస్థ పిల్లల వారపత్రికలు వేసేది. వాటిలో వాలియంట్ అని ఒకటి. 1962 అక్టోబర్ 6న దాని తొలి సంచిక వచ్చింది. ఆ తొలి సంచికలోనే ఈ కథ మొదలైంది, పేరు ది స్టీల్ క్లా. హీరో పేరు లూయిస్ క్రాండెల్, ప్రొఫెసర్ బారింజర్ దగ్గర అసిస్టెంటు. మొదట రాసింది కెనెత్ బుల్మర్, రకరకాల మారుపేర్లతో వందకు పైగా నవలలు రాసినాయన. తర్వాత టామ్ టల్లీ.

రోబో ఆర్చీ ఇంకా పాతవాడు. 1952లో లయన్ అనే లండన్ వారపత్రిక మొదటి సంచికలో వచ్చాడు. శివకాశి వాళ్లు తమ పుస్తకానికి కూడా లయన్ అనే పేరే పెట్టుకున్నారు. ఆర్చీ కోట కాలయంత్రం, చదరంగంలో ఏనుగు ఉంటుందే, కోట గుర్తు, అచ్చం అలా ఉంటుంది. తమిళ పాఠకులు ఆర్చీని ముద్దుగా సట్టి తలైయన్ అంటారు. కుండ తలవాడు. నాకైతే ఆర్చీ ముఖం అస్సలు గుర్తులేదు. కోట ఒక్కటే గుర్తుంది. ఎందుకంటే అన్న నాకు ఆర్చీ బొమ్మలు చెయ్యి అడ్డం పెట్టి దాచి, కోట మాత్రం చూపించి ఉంటాడు. ఇది నా ఊహ. కానీ అన్న తెలివి నాకు తెలుసు.

ఇప్పుడు నాకు బాగా కష్టం కలిగించిన సంగతికి వస్తాను. ఆ చెయ్యి గీసిన చెయ్యి ఎవరిది?

మన చందమామ అట్ట చూడగానే మూల వ.పా. అని రెండక్షరాలు వెతుక్కుంటాం. వడ్డాది పాపయ్య గారు. లోపల చిత్రా అని, శంకర్ అని సంతకాలు. పిల్లలకి కూడా తెలుసు ఎవరి బొమ్మ ఏదో. ఆ రోజుల్లో లండన్ పిల్లల పత్రికల్లో బొమ్మ గీసినవాళ్ల పేరు, కథ రాసినవాళ్ల పేరు వేసే అలవాటు దాదాపు లేదు. 1977లో 2000 ఏ.డీ. అనే వారపత్రిక మొదలయ్యాక గానీ అక్కడ పేర్లు వేయడం మామూలు కాలేదు. లక్షల మంది పిల్లలు చూసిన బొమ్మలు, గీసినవాడి పేరు లేదు. లండన్ పుస్తకంలోనే లేనిది శివకాశి పుస్తకంలో ఎక్కణ్ణించి వస్తుంది? గీత చూసి మనిషిని గుర్తుపట్టే అభిమానులు ఏళ్ల తరబడి పోల్చి చూసి ఎవరు ఏది గీశారో జాబితాలు తయారు చేశారు. వాళ్ల పుణ్యాన నాకు ఆ పేరు తెలిసింది.

హేసూస్ బ్లాస్కో. ఇంగ్లండ్ మనిషి కూడా కాదు. స్పెయిన్, బార్సిలోనా. 1919లో పుట్టి 1995లో పోయారు. తమ్ముళ్లు, చెల్లెలు పిలి, ఇంటిల్లిపాదీ బొమ్మలు గీసేవాళ్లే. సొంత దేశంలో కూటో అనే పిల్లవాడి కామిక్‌తో పేరు తెచ్చుకున్నారు. అప్పట్లో స్పెయిన్ చిత్రకారులు చాలామంది ఏజెన్సీల ద్వారా లండన్ పత్రికలకి గీసేవాళ్లు, అక్కడ డబ్బు మెరుగు. ఈయన ఆ నల్లని ఇంకుతో చేసింది చూడాలి మీరు. గాల్లో చెయ్యి ఒక్కటే గీసి, కనబడని మనిషి ఎటు తిరిగి ఉన్నాడో, వంగి ఉన్నాడో, భయపడుతున్నాడో మనకి తెలిసేలా చేశారు. లేని మనిషిని గీయడం ఎంత కష్టం! వేళ్లు ఎంత వంగాలి, మణికట్టు ఎటు వాలాలి, ఆ కొంచెంలోనే మొత్తం నటన రావాలి. నేను తొమ్మిదేళ్లప్పుడు చూసి మర్చిపోలేనిది అదే. ఆ మనిషి లేడు, కానీ ఉన్నాడు. వర్ణించమంటే మాటలు రావు, గీసి చూపించారాయన.

ఒకసారి ఆలోచించండి. బార్సిలోనాలో ఒకాయన గీశారు. ఇంగ్లీషులో మాటలు లండన్‌లో పడ్డాయి. శివకాశిలో తమిళం అయింది. సాత్తూరులో వడ్ల బస్తాల గదిలో తెలుగు అయింది, అదీ చిత్తూరు నుంచి వచ్చిన ఒక్క పిల్ల కోసం. చివరి అనువాదకుడికి తెలుగు రాయడం రాదు. ఆ అనువాదం కాగితం మీద లేదు.

ఆ పాత లండన్ పత్రికల హక్కుల్ని 2018లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన రెబెలియన్ అనే సంస్థ కొనుక్కుంది. 2021లో స్టీల్ క్లా మొదటి కథల్ని పుస్తకంగా వేశారు. ఈసారి పేర్లు వేశారు. బ్లాస్కో పేరు అట్ట మీద చూసినప్పుడు నాకు మనసు నిండిపోయింది. తెప్పించుకుని రాత్రంతా చదివాను.

చదివితే ఇంకో సంగతి బయటపడింది. మొదటి కథలో క్రాండెల్ మంచివాడు కాదు! మాయమయ్యే శక్తి రాగానే మతి తప్పుతుంది, దొంగ అవుతాడు. న్యూయార్క్ దాకా పోయి ఘోరాలు తలపెడతాడు. తర్వాత తర్వాత కథల్లో మారి, షాడో స్క్వాడ్ అనే గూఢచారి దళంలో చేరి మంచివాడవుతాడు. నాకు అన్న చెప్పిన కథలో మొదటి నుంచీ మంచివాడే. పెట్టెలో తర్వాతి కథలే ఉన్నాయా? లేక తొమ్మిదేళ్ల చెల్లెలికి దొంగ కథ ఎందుకని అన్న మార్చేశాడా? అడిగాను. వాడికీ గుర్తులేదు. నేను రెండోదే నమ్ముతున్నాను.

పోయిన సంక్రాంతికి ఆ పుస్తకం తీసుకుని మదురై వెళ్లాను. మా అమ్మాయిని కూడా తీసుకెళ్లాను. అన్నకి యాభై దాటాయి. తమిళ మీడియంలో చదివాడు, ఇంగ్లీషు పుస్తకం చదవాలంటే కష్టం. చేతిలో పెట్టాను. అట్ట మీద ఆ చెయ్యిని చాలాసేపు చూశాడు. వేలితో తడిమాడు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని, మా అమ్మాయిని పక్కన కూర్చోమన్నాడు. ఇంగ్లీషు అక్షరాల జోలికి పోలేదు. మొదటి పేజీ బొమ్మ చూపించి, "వీడు శానా మంచోడు పాప" అని మొదలుపెట్టాడు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. పుస్తకంలో దొంగతనం జరుగుతోంది, అన్న నోట్లో మాత్రం ఆ మనిషి ఎవరికో సాయం చేస్తున్నాడు. బొమ్మకి సరిగ్గా అతికేలా చెప్తున్నాడు. మా అమ్మాయికి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ మాటలు చదవగలదు. ఒకసారి నా వైపు చూసింది, మళ్లీ పుస్తకం వైపు చూసింది, ఏమీ అనలేదు. పుస్తకం అయిపోయింది. "తర్వాత మామా?" అని అడిగింది.

అన్న పుస్తకం మూసి, కిటికీ వైపు చూశాడు. "తర్వాత ఏమాయె అంటే, ఊరి బయట ఒక రాతి కోట ఉండాది" అన్నాడు.

నా ప్రసంగం అయిపోయింది. పుస్తకాలు అక్కడ బల్ల మీద పెట్టాను, 2021 పుస్తకం, లిల్లీ పాండ్‌లో కొన్న రెండూ. అందరూ చూడండి. లిల్లీ పాండ్‌వి కుట్లు ఊడిపోతున్నాయి, దయచేసి పేజీలు పై మూలతో మెల్లగా తిప్పండి. పిల్లలు ముందు రండమ్మా.